తలుపు ఎక్కడ మూసి ఉంది?

మీ ఇంట్లో కంప్యూటరు ఉంది, ఇంటర్నెట్టు ఉంది. మైన్‌క్రాఫ్ట్ ఆటకు సొంత సర్వరు పెట్టి, వేరే ఊళ్ళో ఉన్న స్నేహితుణ్ణి కూడా అందులోకి పిలవాలని మీకు బుద్ధి పుట్టింది. సర్వరు ప్రోగ్రాం నడుస్తున్నది. మీరూ, మీ చెల్లెలూ ఇంట్లో కూర్చుని హాయిగా ఆడుకుంటున్నారు. రూటరులో "పోర్ట్ ఫార్వర్డింగ్" అనే పేజీ వెతికి పట్టుకుని 25565 అనే నంబరు కూడా రాశారు. ఐనా అవతల స్నేహితుడి తెర మీద "కనెక్షన్ టైమ్డ్ అవుట్" అన్న ముక్క తప్ప మరేమీ రాదు.

ఇక సలహాలు మొదలవుతాయి. ఫైర్‌వాల్ మొత్తం ఆపెయ్యమంటాడు ఒకడు. రూటరులో డీఎంజెడ్ అనే అమరిక ఉంది, దాన్ని పెట్టెయ్యమంటాడు ఇంకొకడు. ఒకటి నుంచి 65535 దాకా పోర్టులన్నీ తెరిచెయ్యమంటాడు మూడోవాడు. అన్నీ ఒకేసారి చేస్తే ఒక్కోసారి ఆట పని చేస్తుంది కూడా. అందరికీ సంతోషమే. కాని ఏ మార్పు వల్ల పని చేసిందో ఎవరికీ తెలియదు. మార్చినవాటిలో ఏది అవసరమో, ఏది ప్రమాదమో అంతకన్నా తెలియదు.

జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా అలమరలో ఉన్న మాత్రలన్నీ మింగించేవాణ్ణి వైద్యుడు అనం గదా! రూటరు విషయంలో కూడా అంతే అని నా అభిప్రాయం. ఇది అదృష్టం మీద నడిచే వ్యవహారం కాదు. మీ స్నేహితుడు పంపిన సందేశం ఒక దారి వెంట నడిచి వస్తుంది. ఆ దారిలో ఐదారు తలుపులు ఉంటాయి. వాటిలో ఒకటి మూసి ఉంది. ఏది మూసి ఉందో కనిపెట్టి, దాన్ని మాత్రమే, కావలసినంత మేరకే తెరవాలి. ఇందుకు డబ్బు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం, కాస్త ఓర్పు ఉంటే చాలు.

గేటు దగ్గర వాచ్‌మన్

ముందు ఆ దారి ఎలాంటిదో చూద్దాం. ఇంటర్నెట్టులో ప్రతి యంత్రానికీ ఒక చిరునామా ఉండాలి. దాన్ని ఐపీ చిరునామా అంటారు. 1977లో చేసిన నిర్ణయం ప్రకారం, 1981లో అచ్చైన ప్రమాణం ప్రకారం ఈ చిరునామా పొడవు 32 బిట్లు. అంటే మొత్తం చిరునామాలు 4,29,49,67,296. ఒక పరిశోధనకు అంతకంటే ఎక్కువ ఎందుకులే అని అప్పట్లో అనిపించింది. అప్పటి ప్రపంచ జనాభా కూడా సుమారు అంతే. కాని ఆ పరిశోధన ప్రయోగశాల దాటి ఇళ్ళలోకి వచ్చేసింది. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. ఒక్కొక్కరి చేతిలో ఒకటికి మించిన యంత్రాలు కూడా ఉంటున్నాయి. చిరునామాలు ఎక్కడ సరిపోతాయి?

ఈ కొరత వస్తుందని 1990ల మొదట్లోనే గుర్తించారు. 1994లో ఒక ఉపాయం ప్రచురించారు. ఇంట్లో ఎన్ని యంత్రాలున్నా బయటికి ఒకే చిరునామా కనిపించేట్టు చేయడం ఆ ఉపాయం. దాని పేరు నాట్. లోపలి యంత్రాలకు ఇచ్చుకోవడానికి కొన్ని చిరునామాలను విడిగా ఉంచారు. 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉండేవి అటువంటివి. 192.168.1.20 అనే చిరునామా మీ ఇంట్లోనూ ఉండవచ్చు, పక్కింట్లోనూ ఉండవచ్చు. బయట లోకంలో దానికి అర్థం లేదు.

దీన్ని ఒక అపార్ట్‌మెంటులాగా ఊహించుకోండి. లోపల ఎన్నో ఫ్లాట్లు. వీధిలోవాళ్ళకు మాత్రం భవనం నంబరు ఒక్కటే తెలుసు. గేటు దగ్గర వాచ్‌మన్ కూర్చున్నాడు. అతనే మీ రూటరు. లోపలి నుంచి ఎవరైనా బయటికి ఉత్తరం పంపితే, ఏ ఫ్లాటు నుంచి ఎవరికి వెళ్ళిందో తన పుస్తకంలో రాసుకుంటాడు. జవాబు వచ్చినప్పుడు పుస్తకం చూసి ఆ ఫ్లాటుకు అందజేస్తాడు. మీరు సినిమా చూసినా, పాఠం విన్నా జరిగేది ఇదే. ముందు అడిగింది మీరు గనక జవాబు మీకు చేరుతుంది.

ఇప్పుడు ముందుగా ఏ ఉత్తరమూ వెళ్ళకుండానే బయటి నుంచి కొత్త ఉత్తరం వచ్చిందనుకోండి. వాచ్‌మన్ పుస్తకం తిరగేస్తాడు. అందులో ఏమీ లేదు. ఏ ఫ్లాటుకు ఇవ్వాలో తెలియక పక్కన పడేస్తాడు. మీ స్నేహితుడి సందేశానికి పట్టిన గతి ఇదే.

ఉత్తరం మీద భవనం నంబరుతో పాటు ఇంకొక నంబరు కూడా ఉంటుంది. దాన్ని పోర్టు అంటారు. ఇది 16 బిట్ల సంఖ్య గనక 0 నుంచి 65535 దాకా ఉండవచ్చు. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ సర్వరు మామూలుగా 25565 పోర్టు దగ్గర వింటూ కూర్చుంటుంది. "25565 అని రాసి ఉన్న ఉత్తరం ఎవరి దగ్గర నుంచి వచ్చినా 192.168.1.20కి ఇవ్వు" అని వాచ్‌మన్‌కు ముందే చెప్పిపెట్టడమే పోర్ట్ ఫార్వర్డింగ్. ఇందులో ఇంతకు మించిన రహస్యమేమీ లేదు.

లోపలి నుంచి బయటికి ఐదు ప్రశ్నలు

ఇక తలుపులు వరసగా చూద్దాం. అన్నిటికన్నా లోపలి తలుపుతో మొదలుపెట్టాలి. ఒక తలుపు తెరిచి ఉన్నదని రుజువయ్యాకనే తరవాతి తలుపు దగ్గరకు వెళ్ళాలి.

మొదటి ప్రశ్న: సర్వరు నిజంగా వింటున్నదా? సర్వరు నడుస్తున్న కంప్యూటరులోనే ఆట తెరిచి 127.0.0.1 అనే చిరునామాకు వెళ్ళండి. ఇది ఏ కంప్యూటరైనా తనను తాను పిలుచుకునే చిరునామా. ఇక్కడే ప్రవేశం దొరకకపోతే తప్పు రూటరుది కాదు. సర్వరు ప్రోగ్రాం మొదలు కాలేదేమో, దాని అమరికల ఫైలులో పోర్టు నంబరు వేరే ఉందేమో చూడండి. విండోస్‌లో నెట్‌స్టాట్ అనే ఆజ్ఞ ఏ పోర్టు దగ్గర ఎవరు వింటున్నారో జాబితా ఇస్తుంది. ఆ జాబితాలో 25565 పక్కన 0.0.0.0 అని ఉంటే ఎవరు పిలిచినా వింటుందని అర్థం. 127.0.0.1 అని ఉంటే తన మాట తప్ప ఇంకొకరి మాట వినదని అర్థం.

రెండో ప్రశ్న: ఇంట్లోని రెండో కంప్యూటరు చేరగలదా? మీ చెల్లెలి కంప్యూటరు నుంచి 192.168.1.20కి ప్రయత్నించండి. మొదటి ప్రశ్నకు అవునని, దీనికి కాదని జవాబు వస్తే అనుమానం సర్వరు ఉన్న కంప్యూటరులోని ఫైర్‌వాల్ మీదికి పోతుంది. మీ ఇంటి వైఫైని విండోస్ "పబ్లిక్" అనుకుంటున్నదేమో చూడండి. రైల్వే స్టేషను వైఫైలో ఉన్నంత జాగ్రత్తగా అది ఇంట్లో కూడా ఉంటుందన్నమాట. ఇక్కడ చేయవలసింది ఫైర్‌వాల్ ఆపడం కాదు. 25565 పోర్టుకు, ఆ ఒక్క ప్రోగ్రాముకు అనుమతి ఇచ్చే నియమం ఒకటి రాయడం. అలాగే కొన్ని రూటర్లలో అతిథుల వైఫై ఒకటి విడిగా ఉంటుంది. అందులో ఉన్న యంత్రాలను ఒకదానితో ఒకటి మాట్లాడుకోనివ్వరు. రెండు కంప్యూటర్లూ ఒకే వైఫైలో ఉన్నాయో లేదో సరిచూసుకోండి.

మూడో ప్రశ్న: వాచ్‌మన్‌కు సరైన ఫ్లాటు నంబరే చెప్పామా? లోపలి చిరునామాలను రూటరు కొంతకాలానికి మాత్రమే ఇస్తుంది. నిన్న 20 నంబరు ఉన్న మీ కంప్యూటరుకు ఇవాళ 23 రావచ్చు. 20 ఎవరి ఫోనుకో పోయి ఉండవచ్చు. నియమం మాత్రం ఇంకా 20కే ఉత్తరాలు పంపుతున్నది. "నిన్న పని చేసింది, ఇవాళ చేయడం లేదు" అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఈ సంగతే. రూటరులోని డీహెచ్‌సీపీ పేజీలో ఆ కంప్యూటరుకు ఒక చిరునామాను శాశ్వతంగా కేటాయిస్తే సరిపోతుంది.

ఇక్కడే ఇంకొక మెలిక ఉంది. ఉత్తరాలు పంపడానికి రెండు పద్ధతులున్నాయి. ప్రతి ముక్కా చేరిందా లేదా అని రసీదు తీసుకునేది టీసీపీ. రసీదు కోసం ఆగకుండా పంపుతూ పోయేది యూడీపీ. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కు టీసీపీ 25565 కావాలి. ఫోన్లలో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్‌కు యూడీపీ 19132 కావాలి. నంబరు సరిగ్గా రాసి పద్ధతి తప్పుగా ఎంచుకుంటే నియమం ఉన్నా లేనట్టే.

నాలుగో ప్రశ్న: ఈ గేటు నిజంగా వీధిలోకే తెరుచుకుంటున్నదా? రూటరు పేజీలో డబ్ల్యూఏఎన్ చిరునామా అని ఒకటి కనిపిస్తుంది. దాన్ని నోటుపుస్తకంలో రాసుకోండి. తరవాత "నా ఐపీ చిరునామా ఏమిటి" అని చెప్పే ఏదైనా వెబ్‌సైటు తెరిచి, అక్కడ కనిపించిన చిరునామాను దాని పక్కనే రాయండి. రెండూ ఒకటే ఐతే మీ గేటు వీధిలోకే ఉంది. వేరు వేరుగా ఉంటే మీ గేటుకు అవతల ఇంకొక గేటు ఉందన్నమాట. రూటరు చిరునామా 192.168తో మొదలైతే, ఇంటర్నెట్టు కంపెనీవారు పెట్టిన పెట్టె కూడా ఒక రూటరై ఉండవచ్చు. అంటే మీ ఇంట్లోనే ఇద్దరు వాచ్‌మన్లు. ఇద్దరికీ చెప్పాలి, లేదా ఒకరిని ఆ పని నుంచి తప్పించాలి. ఆ చిరునామా 100.64 నుంచి 100.127 లోపుగానీ, 10తోగానీ మొదలైతే సాధారణంగా ఆ రెండో గేటు మీ ఇంట్లో లేదు, కంపెనీ దగ్గర ఉంది. దాని సంగతి తరవాత చెబుతాను.

ఈ నాలుగో ప్రశ్నకు జవాబు రెండు నిమిషాల్లో దొరుకుతుంది. కాబట్టి తొందర ఉన్నవాళ్ళు దీన్ని మొట్టమొదటే అడిగినా తప్పు లేదు. గేటు వీధిలోకి లేనప్పుడు ఫార్వర్డింగు పేజీలో నంబర్లు మార్చుకుంటూ రాత్రంతా కూర్చున్నా ఫలితం ఉండదు.

ఐదో ప్రశ్న: పరీక్ష బయటి నుంచే చేస్తున్నామా? ఇంట్లో కూర్చుని మీ బయటి చిరునామాకు మీరే ప్రయత్నిస్తే, ఆ ఉత్తరం గేటు దాకా వెళ్ళి మళ్ళీ అదే గేటులోంచి లోపలికి రావాలి. కొందరు వాచ్‌మన్లకు ఈ తిరుగుడు అర్థం కాదు. అప్పుడు బయటివాళ్ళకు తెరిచి ఉన్న తలుపు మీకు మాత్రం మూసినట్టు కనిపిస్తుంది. అందుకని ఫోను డేటాతో నడిచే హాట్‌స్పాట్‌కు ఇంకో కంప్యూటరును తగిలించి ప్రయత్నించండి. లేదా ఊళ్ళో ఉన్న స్నేహితుణ్ణే అడగండి. పోర్టు తెరిచి ఉందా అని చూసే వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి. ఐతే ఆ పరీక్ష చేసేటప్పుడు సర్వరు నడుస్తూ ఉండాలి. తలుపు తట్టినప్పుడు పలికేవాడు లేకపోతే ఆ వెబ్‌సైటు "మూసి ఉంది" అనే అంటుంది. వాటిలో చాలావాటికి టీసీపీ తప్ప యూడీపీ పరీక్షించడం చేతకాదని కూడా గుర్తుంచుకోండి.

విఫలమైనప్పుడు తెర మీద వచ్చే మాటను తిట్టుకోకుండా చదవండి. అది సాక్ష్యం. "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అంటే సందేశం ఒక యంత్రం దాకా వెళ్ళింది, ఆ పోర్టు దగ్గర ఎవరూ లేరని జవాబు కూడా వచ్చింది. "టైమ్డ్ అవుట్" అంటే అసలు జవాబే రాలేదు. దారిలో ఎవరో మాట్లాడకుండా పడేశారు, లేదా చిరునామాయే తప్పు. మొదటి దానికి సర్వరు వైపు, రెండోదానికి ఫైర్‌వాల్, గేట్ల వైపు ముందుగా చూడాలి. "అవుట్‌డేటెడ్ క్లయింట్" అని వస్తే మాత్రం పండగ చేసుకోవచ్చు. మీ స్నేహితుడి ఆట వెర్షను, సర్వరు వెర్షను వేరని దాని అర్థం. ఆ మాట చెప్పింది మీ సర్వరే. అంటే దారి అంతా తెరిచే ఉంది!

ఒక్కసారికి ఒక్క మార్పు

ఈ ఐదు ప్రశ్నలకన్నా ముఖ్యమైన నియమం ఒకటి ఉంది. ఒకసారికి ఒకటే మార్చాలి. మార్చింది ఏమిటో, ఏం జరిగిందో రాసుకోవాలి. ఫలితం లేకపోతే మార్చినదాన్ని పాత స్థితికి తీసుకురావాలి. మీరు సైన్సు పాఠంలో మొక్కల మీద చేసే ప్రయోగం గుర్తుందా? ఒక కుండీని చీకట్లో పెట్టి, దానికి నీళ్ళు కూడా మానేసి, మట్టి కూడా మారిస్తే, మొక్క వాడిపోయింది దేనివల్ల? ఎవరూ చెప్పలేరు. వెలుతురు ఒక్కటే మార్చి తక్కినవన్నీ అలాగే ఉంచితేనే వెలుతురు సంగతి తెలుస్తుంది. రూటరు దగ్గర కూడా సరిగ్గా అంతే. పాఠంలో మార్కుల కోసం నేర్చుకున్నది ఇక్కడ నిజంగా పనికి వస్తున్నది.

ఇదంతా చాదస్తమనీ, ఆట నడిస్తే చాలనీ మీరు అనవచ్చు. డీఎంజెడ్ పెడితే ఒక్క నిమిషంలో పనవుతుంది గదా అనవచ్చు. నిజమే, చాలాసార్లు అవుతుంది. కాని డీఎంజెడ్ అంటే ఏమిటి? "ఎవరికి ఇవ్వాలో తెలియని ప్రతి ఉత్తరాన్నీ, ఏ నంబరు ఉన్నా సరే, ఈ ఫ్లాటుకే ఇవ్వు" అని వాచ్‌మన్‌కు చెప్పడం. మీరు పిలిచింది ఒక్క స్నేహితుణ్ణి. తలుపు తీసింది మాత్రం ప్రపంచానికంతటికీ.

ఈ ప్రపంచంలో తలుపులు తట్టి చూసే యంత్రాలు రాత్రింబగళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం బయలుదేరింది. అది బయటి నుంచి అందుబాటులో ఉన్న కెమెరాలను, రూటర్లను వెతికి, ఫ్యాక్టరీలో పెట్టిన సంకేతపదాలు సుమారు అరవై జతలను ఒక్కొక్కటిగా ప్రయత్నించేది. సంకేతపదం మార్చని యంత్రాలు లక్షల సంఖ్యలో దానికి చిక్కాయి. వాటన్నిటి చేత ఒకేసారి సందేశాలు కురిపించి ఇతరుల సర్వర్లను ముంచెత్తేవారు. అలా మునిగినవాటిలో మైన్‌క్రాఫ్ట్ సర్వర్లు కూడా ఉన్నాయి. దాన్ని తయారుచేసిన ముగ్గురు యువకులు 2017లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నారు.

2021 డిసెంబరులో ఇంకో సంగతి బయటపడింది. జావా ప్రోగ్రాములు ఎన్నో వాడే లాగ్‌ఫోర్‌జే అనే భాగంలో పెద్ద లోపం ఉంది. మైన్‌క్రాఫ్ట్ సర్వరులో ఆటగాళ్ళు కబుర్లాడుకునే చోట ఎవరైనా ఒక ప్రత్యేకమైన వాక్యం టైపు చేస్తే చాలు, ఆ సర్వరు చేత తమకు కావలసిన ప్రోగ్రామును నడిపించగలిగేవారు. అంటే ఆట సర్వరు ద్వారా మీ కంప్యూటరులోకే ప్రవేశించవచ్చు. వెంటనే సవరించిన వెర్షను విడుదలైంది. ఐతే దాన్ని తెచ్చి పెట్టుకున్నవాళ్ళకే రక్షణ.

భయపడి సర్వరు పెట్టడం మానుకోమని నేను అనడం లేదు. వంటింట్లో నిప్పు ఉందని వంట మానుకోం. పద్ధతిగా వాడతాం. ఒక్క పోర్టే తెరవండి. సర్వరు ప్రోగ్రామును ఎప్పటికప్పుడు కొత్త వెర్షనుకు మార్చండి. వైట్‌లిస్టు అనే అమరికలో మీ స్నేహితుల పేర్లు మాత్రమే ఉంచండి. రూటరు సంకేతపదం ఫ్యాక్టరీలో ఇచ్చినదే ఐతే ఇవాళే మార్చండి. ఏ ప్రోగ్రాం అడిగినా మిమ్మల్ని అడక్కుండానే తలుపు తీసే యూపీఎన్‌పీ అమరికను ఆపివేయండి. ఆట అయిపోయాక నియమాన్ని తీసివేయండి. అన్నిటికన్నా ముందు అమ్మానాన్నలకు చెప్పండి. ఆ గేటు మీ ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిదీ.

రెండో గేటు

ఇప్పుడు కంపెనీ దగ్గర ఉన్న గేటు సంగతికి వద్దాం. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలో మిగిలిన చివరి చిరునామాల కట్టలను ఖండాలకు పంచేశారు. ఆ ఏప్రిల్‌లోనే ఆసియా పసిఫిక్ ప్రాంతానికి వచ్చిన వాటా దాదాపు అయిపోయింది. అప్పటి నుంచి అక్కడ పొదుపుగా కొద్దికొద్దిగా ఇవ్వడమే. ఆలస్యంగా ఇంటర్నెట్టు వ్యాపించిన దేశాలకు, వాటిలో మనకు, మిగిలింది తక్కువ. కంపెనీలు ఏం చేశాయి? ఇళ్ళలో చేసిన ఉపాయాన్నే వీధికంతటికీ చేశాయి. ఎన్నో ఇళ్ళను ఒకే చిరునామా వెనక ఉంచాయి. దీనికోసమే 2012లో 100.64 నుంచి 100.127 వరకు ఉన్న చిరునామాలను విడిగా కేటాయించారు. దీని పేరు సీజీనాట్. ఇది కాలనీ మొత్తానికి పెట్టిన గేటు. ఆ వాచ్‌మన్ మీ మాట వినడు. మీ రూటరులో ఎంత సరిగ్గా నియమం రాసినా ఉత్తరం మీ గేటు దాకా రానే రాదు.

కంపెనీలను తప్పుపట్టడం సులభం. కాని లేని చిరునామాలను వాళ్ళు మాత్రం ఎక్కడ నుంచి తెస్తారు? ఈ ఏర్పాటు లేకపోతే కోట్లమందికి ఇంటర్నెట్టే ఉండేది కాదు. ఐనా దీన్ని చిన్న విషయంగా కొట్టిపారెయ్యకూడదని నా వాదన. ఇంటర్నెట్టును నిర్మించినవారు అందులో ప్రతి యంత్రమూ అడగగలదు, జవాబు కూడా చెప్పగలదు అనే పద్ధతిలో నిర్మించారు. సీజీనాట్ వెనక ఉన్న ఇల్లు అడగడం మాత్రమే చేయగలదు. కొనుక్కోవచ్చు, చూడవచ్చు, వినవచ్చు. ఇతరులను తన ఇంటికి పిలవలేదు. ఇవాళ మీకు అడ్డుపడింది ఆట. రేపు మీరు మేడ మీద ఒక వర్షమాపకం పెట్టి, దాని లెక్కలు ఎవరైనా నేరుగా మీ ఇంటి కంప్యూటరు నుంచి చూసేట్టు చేయాలనుకుంటే అడ్డుపడేదీ ఇదే గేటు.

దీనికి శాశ్వతమైన మందు ఉంది. అదే ఐపీవీ6. ఇందులో చిరునామా పొడవు 128 బిట్లు. 340 రాసి దాని పక్కన 36 సున్నాలు పెడితే సుమారుగా ఎన్ని చిరునామాలో తెలుస్తుంది. ప్రతి ఫ్లాటుకూ వీధిలోకే సొంత చిరునామా ఇవ్వవచ్చు. 1995లోనే దీని మొదటి ప్రమాణం వచ్చింది. ఇందులో మనకు గర్వపడదగ్గ సంగతి ఒకటి ఉంది. ఐపీవీ6 వాడకంలో మన దేశం ప్రపంచంలో ముందు వరసలో ఉంది. ఇక్కడి ఇంటర్నెట్టు వాడకందార్లలో సగానికి పైగా దాన్ని అందుకోగలరు. వాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు. మీ ఇంట్లో కూడా ఉండవచ్చు, చూడండి. ఉంటే నాట్ బాధ లేదు. ఐతే రూటరులోని ఫైర్‌వాల్ మాత్రం అప్పుడు కూడా ఉంటుంది, ఉండాలి కూడా. అందులో మీ సర్వరు చిరునామాకు, ఆ ఒక్క పోర్టుకు అనుమతి రాయాలి. మీ స్నేహితుడికి కూడా ఐపీవీ6 ఉండాలి.

అది కుదరకపోతే కంపెనీకి రాయండి. "మా ఇంటర్నెట్టు పని చేయడం లేదు" అని రాస్తే రూటరు ఆపి మళ్ళీ వెయ్యమని జవాబు వస్తుంది. దానికి బదులు ఇలా రాయండి: "మా రూటరు డబ్ల్యూఏఎన్ చిరునామా 100.72తో మొదలవుతున్నది. బయట కనిపించే చిరునామా వేరుగా ఉంది. కాబట్టి మేము సీజీనాట్ వెనక ఉన్నాము. మాకు పబ్లిక్ చిరునామా గానీ, ఐపీవీ6 గానీ ఇవ్వగలరా? దానికి రుసుము ఎంత?" ఈ ప్రశ్నకు అవును అనో కాదు అనో చెప్పక తప్పదు. నోటుపుస్తకంలో మీరు రాసుకున్న రెండు నంబర్లకు ఉన్న బలం అది.

కాదు అని జవాబు వచ్చినా దారులు మూసుకుపోలేదు. వైర్‌గార్డ్ వంటి ప్రోగ్రాములతో స్నేహితులంతా ఒక సొంత సొరంగం కట్టుకోవచ్చు. అది కూడా లోపలి నుంచి బయటికి వెళ్ళే ఉత్తరంతోనే మొదలవుతుంది గనక, బయట అందరికీ అందే చిరునామా ఉన్న యంత్రం ఒక్కటి మధ్యలో ఉంటే వాచ్‌మన్లు అడ్డుచెప్పరు. లేదా అద్దె సర్వరు తీసుకోవచ్చు. అద్దెకు తీసుకోవడం తప్పేమీ కాదు. కాని తలుపు ఎక్కడ మూసి ఉందో కనిపెట్టి, తెరవడం మన చేతిలో లేదని రుజువైన తరవాత అద్దెకు వెళ్ళడం వేరు, ఏమీ తెలియక వెళ్ళడం వేరు.

ఈసారి మీ సర్వరు పలకనప్పుడు ముందు రూటరు జోలికి పోకండి. ఒక కాగితం తీసుకుని మీ స్నేహితుడి ఇంటి నుంచి మీ ఇంటి దాకా దారి గీయండి. దాని మీద తలుపులన్నీ వరసగా గుర్తించండి. ఉత్తరం ఎంతవరకు వచ్చిందో ఒక్కొక్క పరీక్షతో టిక్కు పెట్టుకుంటూ రండి. టిక్కు పడని మొదటి తలుపు దగ్గర ఆగండి. మీ పని అక్కడ ఉంది.